చెవికి హాయి... ఇంటికి శాంతి!

రాత్రి పది దాటింది. హాల్లో నాన్న సినిమా చూస్తున్నారు. పక్కగదిలో అమ్మాయి పరీక్షలకు చదువుకుంటోంది. 'కాస్త సౌండ్ తగ్గించండీ' అంటూ అమ్మ కేక. తగ్గిస్తే మాటలు వినపడవు. పెంచితే ఇంట్లో గొడవ. దీనికి విరుగుడు హెడ్‌ఫోన్లే అనుకుని ముచ్చటపడి కొంటారు. తీరా చూస్తే వారం తిరక్కుండానే అవి మేకుకి వేలాడుతుంటాయి. పాట బాగాలేక కాదు... చెవులు నొప్పెట్టి!

బరువే అసలు పరీక్ష
బస్సులో అరగంట పెట్టుకునేవి వేరు, ఇంట్లో రెండున్నర గంటల సినిమాకి పెట్టుకునేవి వేరు. చెవిమీద ఆనే చిన్న రకం తేలిగ్గానే ఉంటుంది కానీ కాసేపటికి చెవి తమ్మెల్ని నొక్కేస్తుంది. చెవిని మొత్తం లోపల ఇముడ్చుకునే పెద్ద రకంలో ఆ బాధ తక్కువ. ఇవి 250 గ్రాములకు అటూ ఇటూగా ఉంటే మంచిది. 1979లో సోనీ వాక్‌మన్‌తో వచ్చిన హెడ్‌ఫోన్లు దాదాపు 50 గ్రాములే. అవి అంతగా జనాదరణ పొందడానికి ఆ తేలికదనమూ ఓ కారణమే.

మన ఎండల్లో చెమట మరో సమస్య. రెక్సిన్ కుషన్లకంటే గుడ్డవి చల్లగా ఉంటాయి. రెక్సిన్ కొన్నాళ్లకు పొట్టు రాలుతుంది కూడా. అందుకే కుషన్లు విడిగా దొరుకుతాయో లేదో ముందే కనుక్కోవాలి.

మూసినవా... తెరిచినవా?
వెనకవైపు జల్లెడలా రంధ్రాలుండే 'ఓపెన్ బ్యాక్' రకంలో గాలి ఆడుతుంది, సంగీతం విశాలంగా వినిపిస్తుంది. కాలింగ్ బెల్లు మోగినా తెలుస్తుంది. కానీ లోపలి పాట బయటికీ వినపడుతుంది. పక్కనే పిల్లలు చదువుకుంటుంటే మాత్రం మూసి ఉండే 'క్లోజ్డ్ బ్యాక్' రకమే మేలు.

పెదవి ముందు... మాట వెనక
బ్లూటూత్ హెడ్‌ఫోన్లతో సినిమా చూస్తే ఒక్కోసారి నటుల పెదవులు ముందు కదిలి, మాట తర్వాత వినిపిస్తుంది. పాటలకు ఇది పెద్దగా తెలియదు, సినిమాకి చిరాకే. టీవీ సెట్టింగ్స్‌లో సరిచేసుకునే వీలుందేమో చూడాలి. లేదంటే పొడవాటి వైరున్నవే నయం. అన్నట్టు, కొన్ని టీవీల్లో స్పీకర్లూ హెడ్‌ఫోన్లూ ఒకేసారి పనిచేస్తాయి. వినికిడి తగ్గిన తాతయ్యకు కావలసినంత సౌండు ఆయనకే, మిగతావాళ్లకు మామూలుగానే! అయితే ఆయన రోజురోజుకీ సౌండు పెంచుతుంటే ఓసారి ఈఎన్‌టీ డాక్టరుకి చూపించాల్సిందే.

కుదరకపోతే చెవికే ముప్పు
సరిగ్గా కుదరని హెడ్‌ఫోన్లతో నొప్పి ఒక్కటే కాదు. మూసి ఉండే రకం కుషను, చెవి చుట్టూ ఆనకపోతే ఆ సందులోంచి తబలా, బాస్ గిటార్ లాంటి మంద్ర ధ్వనులు జారిపోతాయి. ఫ్యాను మోత లోపలికొస్తుంది. దాంతో మనకు తెలియకుండానే వాల్యూమ్ పెంచేస్తాం. పెద్దలకు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచన. పిల్లలకైతే 75 డెసిబెల్సే. అదే సౌండు 90కి చేరితే పెద్దలకైనా వారానికి నాలుగు గంటలే! అంటే రెండు సినిమాలు కూడా పూర్తవ్వవు. వాల్యూమ్‌ని గరిష్ఠస్థాయిలో 60 శాతం లోపు ఉంచుకుంటే మేలు. దెబ్బతిన్న వినికిడి మళ్లీ రాదు మరి.

కొనేముందు...
* కళ్లద్దాలు వాడేవారు వాటితోనే పెట్టి చూడాలి. కాడలు కణతల్ని నొక్కకూడదు, కుషను కింద సందూ రాకూడదు.
* దుకాణంలో రెండు నిమిషాలు కాదు... కనీసం పావుగంట పెట్టుకోవాలి. తల వంచినా జారకూడదు.
* బాగా తెలిసిన పాటే వినాలి. తేడా అప్పుడే తెలుస్తుంది.
* ఆన్‌లైన్లో కొంటే, నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారో లేదో చూసుకోవాలి.

ధరా, పేరూ, రంగూ ఆ తర్వాతి సంగతి. పెట్టుకున్న విషయమే మర్చిపోయేలా ఉంటే అవే మంచి హెడ్‌ఫోన్లు. అప్పుడు హాల్లో సినిమా క్లైమాక్స్‌కి వస్తుంది, పక్కగదిలో పాఠమూ పూర్తవుతుంది. అమ్మకి కేకేసే పని తప్పుతుంది!