డెక్కుకు జారని పూత: డబ్బా ధర చూసి కొంటే చాలదు

వేసవి నిషేధం దగ్గరపడగానే తీరప్రాంతపు రంగుల దుకాణాలలో గిరాకీ పుంజుకోవడం ఏటా ఉన్నదే. తూర్పు తీరాన ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిలిచిపోతుంది. పడవలు ఒడ్డుకెక్కేది, వడ్రంగులకు, రంగులవారికి చేతినిండా పని దొరికేది ఆ రోజులలోనే. నాచు, గుల్ల పట్టకుండా పడవ అడుగుకు వేసే రంగు కొనేటప్పుడు యజమానులు నాలుగు చోట్ల బేరమాడి మరీ కొంటారు. డెక్కు దగ్గరకు వచ్చేసరికి మిగిలిన డబ్బాతో సరిపెట్టడం, లేదా ఇంటి తలుపులకు వేసే ఎనామిల్ పెయింటే పూసి ఊరుకోవడం తరచు జరుగుతుంది. ప్లైవుడ్డు డెక్కు విషయంలో ఈ పొదుపు ఖరీదైనదిగా తేలుతున్నది.

పడవల నిర్మాణంలో ప్లైవుడ్డు మనకు కొత్త కాదు. దోనెలు తొలిచేందుకు కావలసిన పెద్ద మామిడి దుంగలు అరుదై, ధర పెరిగిన 1980వ దశకంలో కేరళ, కన్యాకుమారి తీరాల మత్స్యకార సహకార సంఘాలు మెరైన్ ప్లైవుడ్డు పడవలను వాడుకలోకి తెచ్చాయి. ఆంధ్ర తీరంలో ఫైబరు పడవలదే పైచేయి అయినప్పటికీ కేబిన్లకు, హేచ్ మూతలకు, చిన్న పడవల డెక్కుకు ప్లైవుడ్డు సరుకు పోతూనే ఉన్నది.

కొనవలసినవి రెండు సరుకులు

డెక్కు పూత చేయవలసిన పనులు రెండు. ఒకటి, చెక్కలోకి నీరు దిగకుండా అడ్డుకోవడం. రెండవది, తడి కాలు జారకుండా పట్టు ఇవ్వడం. ఈ రెండూ ఒకే డబ్బాలో ఉన్నాయని చెప్పే సరుకు బజారులో లేకపోలేదు. అయితే నీటిని ఆపే పొర నున్నగా, సందు లేకుండా ఉండాలి. పట్టు ఇచ్చే పొర గరుకుగా, ఎగుడుదిగుడుగా ఉండాలి. గరుకు పొర ముందుగా అరుగుతుంది. అరిగిన చోట దాని కింద వేరే రక్షణ లేకపోతే నీరు నేరుగా చెక్కకే చేరుతుంది. అందువల్ల కింద ఒక సరుకు, పైన ఒక సరుకు అని విడివిడిగా లెక్క వేసుకోవడమే మేలు.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటి ఉన్నది. డెక్కును పాడుచేసేది సముద్రపు నీటికంటె వాననీరే. చెక్కను కుళ్లబెట్టే బూజుకు ఉప్పు గిట్టదు, మంచినీరు కావాలి. చెక్కలో తేమ సుమారు 20 శాతం దాటి నిలిచిందంటే కుళ్లు మొదలవుతుంది. వేటకు పోయే పడవకంటె, తుపాను రోజులలో కదలకుండా నిలిచి, మూలల్లో వాననీరు నిలవ ఉన్న పడవకే డెక్కు ముందు పోతుంది.

ముందు చెక్క సంగతి

పూత ఎంత మంచిదైనా నాసి చెక్కను నిలబెట్టలేదు. మెరైన్ ప్లైవుడ్డుకు భారత ప్రమాణం ఐ.ఎస్. 710. దీనిలో పొరలను అతికించేది ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురు. 72 గంటలు నీటిలో ఉడికించినా పొరలు విడిపోరాదన్నది ఈ ప్రమాణపు పరీక్ష. మామూలు వాడకానికి ఉద్దేశించిన ఐ.ఎస్. 303 సరుకు చవుకగా వస్తుంది గాని, పడవ డెక్కుకు అది తగదు. ముద్ర చూడడంతో ఆగకుండా కోసిన అంచును కూడా పరిశీలించాలి. మధ్య పొరలలో ఖాళీలు కనబడితే ఆ సరుకు వదులుకోవలసిందే. నీరు చేరి నిలిచేది ఆ ఖాళీలలోనే. అనుమానం ఉన్నవారు చిన్న ముక్క కోయించి తెచ్చి ఇంట్లో ఉడికించి చూసుకోవచ్చు.

ప్లైవుడ్డు నీటిని ఎక్కువగా పీల్చేది అంచుల నుంచి, మర సీలల రంధ్రాల నుంచి. పైభాగానికి మూడు పూతలు వేసి అంచులను వదిలివేస్తే గొడుగు వేసుకుని నడుములోతు నీళ్లలో నిలబడినట్లే. అంచులకు విడిగా రెండు మూడు సార్లు ఎపాక్సీ తాగించాలి. రంధ్రాన్ని కాస్త వెడల్పు చేసి, ఎపాక్సీతో నింపి, గట్టిపడిన తరువాత దాని మధ్యలో మళ్లీ తొలిచి మరసీల బిగిస్తే నీరు చెక్కకు తగలదు.

అడుగు పూతలో రకాలు

పూర్వం పడవలకు గుగ్గిలం నూనెలో కాచి పట్టించేవారు. తారు పూయడం, జీడిగింజల పెంకు నూనె పట్టించడం కూడా ఉన్నవే. ఇవి దుంగ పడవలకు, మందపు పలకలకు పనికివచ్చాయి గాని, డెక్కు మీద తారు ఎండకు మెత్తబడి కాళ్లకు అంటుకుంటుంది. పైగా తారు ఒకసారి ఇంకిన చెక్కకు ఆ తరువాత వేరే రంగు సరిగా పట్టదు.

ఎనామిల్ పెయింటు చవుక, పూయడం సులువు. కాని దాని పొర పలుచన. ఎండకు పెళుసుబారి పగులుతుంది. పగులులో దిగిన నీరు పైకి ఆరడానికి దారి లేక చెక్కలోనే ఉండిపోతుంది.

పాలియెస్టర్ రెజిన్ ఫైబరు పడవలవారికి చిరపరిచితమైన సరుకు. ఎపాక్సీకంటె ధర తక్కువ. అయితే ఫైబరుకు ఫైబరు అతికినంత గట్టిగా అది చెక్కకు అతకదు. చెక్క తేమకు ఉబ్బి, ఎండకు ముడుచుకునేసరికి పొర పెచ్చులుగా లేస్తుంది.

ప్లైవుడ్డుకు నమ్మదగినది ఎపాక్సీ. చెక్కలోకి కొంత ఇంకి గట్టిగా పట్టుకుంటుంది. రాపిడి ఎక్కువగా ఉండే డెక్కుకు ఎపాక్సీతోపాటు పలుచని గాజుగుడ్డ ఒక వరుస పరిస్తే పగుళ్లు రావు. దీనికి ఉన్న లోపం ఒక్కటే: ఎండ. ఎండ సోకితే ఎపాక్సీ సుద్దలా పొడి రాలుతుంది. కనుక దానిపై రంగు వేసి కప్పి తీరాలి. ఈ పనికి రెండు డబ్బాల పాలీయురిథేన్ పెయింటు ఎండను బాగా ఓర్చుకుంటుంది.

ఎపాక్సీ కొనేటప్పుడు హార్డెనరు రకం కూడా అడగాలి. తీరపు గాలిలోని తేమకు మామూలు హార్డెనరు వేసిన పొరపై జిడ్డులాంటి పదార్థం తేలుతుంది. దానిని మంచినీళ్లతో, గిన్నెలు తోమే పీచుతో రుద్ది కడగకుండా రెండవ పూత వేస్తే ఆ పూత ఊడిపోతుంది. తేమను ఓర్చుకునే హార్డెనరు రకం ఫినాల్కమైన్. పలాస వంటి కేంద్రాలలో పప్పు తీశాక మిగిలే జీడిగింజల పెంకు ఉన్నదే, ఆ పెంకు నూనెలోని కార్డనాల్ నుంచే దీనిని తయారు చేస్తారు. తాతల నాడు పడవకు నేరుగా పట్టించిన నూనె ఇప్పుడు ఈ రూపంలో మళ్లీ పడవకే చేరుతున్నదన్నమాట.

గరుకు ఎంత ఉండాలి?

జారని పూతల గురించి విదేశీ కంపెనీలు ఇచ్చే సలహాలు చాలావరకు బూట్లు తొడిగిన కాళ్లను దృష్టిలో ఉంచుకున్నవి. మన కళాసీలు పనిచేసేది వట్టి కాళ్లతో. డెక్కు మీద పడేది చేపల జిగురు, డీజిలు, తడి వల. గరుకు తక్కువైతే కాలు జారుతుంది. మోటారు తిరుగుతుండగా అంచున కాలు జారడమంటే ప్రాణంతో చెలగాటం. గరుకు మరీ ఎక్కువైతే పాదాలు, మోకాళ్లు ఒరుసుకుపోతాయి, వల దారాలు తెగుతాయి, పొలుసు ఇరుక్కుని ఎంత కడిగినా పోదు.

అందువల్ల డెక్కు అంతటికీ ఒకే గరుకు అవసరం లేదు. మనిషి నిలబడే చోట, నడిచే దారిలో, ఎక్కి దిగే అంచున గరుకు ఉండాలి. వల లాగే చోట, చేప పోసే చోట నునుపే మేలు. మర సీలల చుట్టూ, మూలల్లో, అంచు వెంబడి రెండంగుళాలు నునుపుగా వదిలితే నీరు జారిపోతుంది, శుభ్రం చేయడమూ తేలిక.

గరుకుకు బజారులో దొరికేవి ఇవి. చవుకైనది ఇసుక. అయితే ఒడ్డున తవ్విన ఇసుక పనికిరాదు. దానిలోని ఉప్పు పూత కింద చేరి తేమను లాగి పొక్కులు తెస్తుంది. నదీ ఇసుకనైనా మంచినీళ్లతో కడిగి, బాగా ఎండబెట్టి, జల్లెడ పట్టి వాడాలి. నలుసు ఉప్మా రవ్వను మించరాదు.

ఇసుకకంటె గట్టిది కురువిందం. ఇంగ్లీషులో కోరండం అన్న మాట దక్షిణాది భాషల ఈ మాట నుంచి వెళ్లినదే. ఇప్పుడు దుకాణాలలో వచ్చేది కర్మాగారంలో తయారైన అల్యూమినియం ఆక్సైడు. అరుగుదల దాదాపు లేదు. కాని దాని కొసలు పదును. బూట్లతో తిరిగే విహార పడవలకు సరే గాని, వట్టి కాళ్లకూ వలకూ అది శత్రువే.

ప్లాస్టిక్ పూసలు గుండ్రంగా ఉంటాయి, పాదానికి మెత్తన, బరువు తక్కువ. రంగులో కలిపితే అడుగుకు దిగిపోకుండా నిలుస్తాయి. ధర ఇసుకకంటె ఎక్కువే అయినా చిన్న డెక్కుకు పట్టేది కొద్దిపాటి సరుకే.

పంచదారతో చేసే పద్ధతి కూడా ఒకటి వాడుకలో ఉన్నది. పచ్చిగా ఉన్న పెయింటు మీద పంచదార ఒత్తుగా చల్లి, రంగు గట్టిపడిన తరువాత నీళ్లతో కడిగితే పలుకులు కరిగిపోయి వాటి గుంటలు మిగులుతాయి. పదును లేని గరుకు వస్తుంది. పంచదార తిన్నరులో కరగదు కనుక తిన్నరు రకం పెయింటుకే ఈ పద్ధతి. నీటి రకం పెయింటుకు పనికిరాదు. పంచదారకు బదులు ఉప్పు వాడితే ఆ మిగులు ఉప్పే పొక్కులకు కారణం కాగలదు.

పైరంగు లేత బూడిద, లేత మీగడ రంగులలో ఉండడం మంచిది. ముదురు రంగు డెక్కు వేసవి మధ్యాహ్నం కాలు పెట్టనివ్వదు, కింది ఎపాక్సీని కూడా మెత్తబరుస్తుంది. తెల్లటి తెలుపు కళ్లకు మిరుమిట్లు కొలుపుతుంది.

డబ్బాలో ఎంత, డెక్కు మీద ఎంత?

ధరలు పోల్చేటప్పుడు లీటరు ధర ఒక్కటే చూస్తే మోసపోతారు. తిన్నరు ఆవిరైన తరువాత డెక్కు మీద మిగిలేది ఎంత అన్నది ముఖ్యం. పది చదరపు మీటర్ల డెక్కు, అంటే సుమారు 108 చదరపు అడుగులు తీసుకుంటే, తిన్నరు లేని ఎపాక్సీ ఒక లీటరు పూస్తే మిల్లీమీటరులో పదవ వంతు మందం మిగులుతుంది. ఘనభాగం సగమే ఉన్న పెయింటు ఒక లీటరు పూస్తే మిగిలేది అందులో సగం. కనుక రెండవ రకం లీటరు ధర మొదటి దానిలో సగంకంటె తక్కువ ఉంటే తప్ప అది చవుక కాదు. ఘనభాగం శాతం కంపెనీవారు ఇచ్చే కాగితంలో ఉంటుంది, అడిగి తీసుకోవాలి. ఈ డెక్కుకు మూడు పూతల ఎపాక్సీ మూడు లీటర్లు, మొదటి పూత చెక్కలోకి ఇంకేందుకు మరో అర లీటరు చూసుకోవాలి.

ఇక సంవత్సరాల లెక్క. ఇవి బజారు ధరలు కావు, లెక్క తెలియడానికి అనుకున్న అంకెలు. ఎనామిల్‌కు సరుకు, కూలి కలిపి ఏటా 6,000 రూపాయలు అనుకుంటే నాలుగేళ్లకు 24,000. ఎపాక్సీ, పైరంగు, గరుకు, కూలి కలిపి ఒకసారి 18,000, మధ్యలో గరుకు పొర సరిచేయడానికి 4,000 అనుకుంటే మొత్తం 22,000. పూతల ఖర్చులో తేడా పెద్దది కాదని దీనివల్ల తెలుస్తుంది. అసలు లాభం మిగిలేది ప్లైవుడ్డులో. 108 అడుగుల డెక్కుకు ఎనిమిది నాలుగుల రేకులు నాలుగు పడతాయి. కుళ్లిన డెక్కు ఊడదీసి కొత్తది వేయాలంటే రేకుల ధర, వడ్రంగి కూలి, పడవ ఖాళీగా ఉన్న రోజుల వేట నష్టం, మూడూ కలుస్తాయి.

పని వేళలు

నిషేధ కాలపు ఎండలు చెక్క ఆరడానికి అనుకూలం. పాత రంగు గీకి, డీజిలు జిడ్డును సబ్బునీటితో, ఉప్పును మంచినీటితో కడిగి, కొన్ని రోజులు ఆరనివ్వాలి. ఒక పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా అతికించి రాత్రంతా ఉంచితే, తెల్లవారి దాని లోపల చెమ్మ కనబడితే చెక్క ఇంకా ఆరలేదన్నమాట. తరువాత లప్పం, ఉప్పుకాగితం పని.

మొదటి పూత పొద్దుటిపూట వేయరాదు. ఎండ పెరిగేకొద్దీ చెక్కలోని గాలి వ్యాకోచించి పూతలో బుడగలు లేపుతుంది. మధ్యాహ్నం మూడు దాటాక, వేడి తగ్గుతున్నప్పుడు మొదలుపెట్టి, మంచు పడకముందే పొర గట్టిపడేటట్లు చూసుకోవాలి. కలిపిన ఎపాక్సీ ఎండలో త్వరగా బిగుసుకుంటుంది కనుక కొద్దికొద్దిగానే కలపాలి. పాళ్లు కంటితో కాక కొలతతో వేయాలి. హార్డెనరు ఎక్కువ వేస్తే త్వరగా గట్టిపడుతుందనుకోవడం పొరపాటు. పొర జిగటగానే ఉండిపోతుంది. చేతికి తొడుగులు తప్పనిసరి. ఎపాక్సీ చర్మానికి పడకపోతే ఆ బాధ ఏళ్ల తరబడి వదలదు. రెండు డబ్బాల పాలీయురిథేన్‌ను కుంచెతోనే వేయాలి. దాని తుంపర పీల్చడం ఊపిరితిత్తులకు హాని.

కొనుగోలు ధోరణి

ఎపాక్సీ ముడిసరుకు పెట్రోలియం నుంచి వచ్చేది కనుక చమురు ధరల ఒడుదుడుకులు దీనిపైన పడతాయి. తెల్ల రంగులకు మూలమైన టైటానియం డయాక్సైడు దిగుమతుల మీద, జీడిపెంకు నూనె ఆఫ్రికా గింజల రాక మీద కొంత ఆధారపడి ఉన్నాయి. నిషేధం మొదలైన తరువాత అందరూ ఒకేసారి కొనేకంటె ముందే బేరం కుదుర్చుకోవడం యజమానులకు లాభం. అయితే హార్డెనరు డబ్బాలపై తయారీ తేదీ చూడకుండా నిలవ సరుకు కొనరాదు.

ఖర్చు తగ్గించక తప్పనివారు పైరంగులో తగ్గించుకోవచ్చు. అది రెండేళ్లకో మూడేళ్లకో ఎలాగూ మళ్లీ వేయవలసినదే. కింది ఎపాక్సీలోనూ, కాలు పెట్టే చోటి గరుకులోనూ తగ్గించరాదు. మొదటిది పడవను, రెండవది మనిషిని నిలబెట్టేవి.