రిటైరయ్యాక కొండెక్కేవారికి

ఉద్యోగ విరమణనాడు ఆఫీసులో జరిగే సభ మనందరికీ తెలిసిందే. మెడలో దండ, భుజాన శాలువా, చేతిలో గోడగడియారం, ప్లేటులో రెండు మిఠాయిలూ గుప్పెడు కారప్పూసా. ముప్ఫయ్యేళ్ళు గడియారం చూసుకుంటూ పరుగెత్తిన మనిషికి, ఇక దానితో పనిలేని రోజున గడియారమే ఎందుకు బహూకరిస్తారో ఆ దేవుడికే తెలియాలి! ఉపన్యాసాలన్నీ అయ్యాక ఆయన లేచి, "ఇంక హాయిగా తిరుగుతానండీ. హిమాలయాలు చూడాలి, నల్లమల చూడాలి" అంటారు. అందరూ చప్పట్లు కొడతారు. ఆరు నెలలు పోయాక చూడండి: ఆయన తిరిగేది మందుల షాపుకూ, కరెంటు బిల్లుకూ, మనుమణ్ణి బడినుంచి తీసుకురావటానికీ!

ఆయన కోరిక అబద్ధం కాదు. కోరిక ఉన్నది గాని ఏర్పాటు లేదు. పిల్ల పెళ్ళికి పుట్టిన నాటినుంచీ కూడబెట్టే మనం, మన కాళ్ళు తిరగవలసిన రోజులకోసం ఏమీ కూడబెట్టం. "రిటైరయ్యాక చూద్దాం" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటాం.

మిగిలిన ఏళ్ళు ఎన్ని?

ముందు ఈ చిన్న లెక్క చూడండి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగుల విరమణ వయస్సు 2014లో 58 నుంచి 60కి, 2022లో 62కి పెరిగింది. తెలంగాణలో 2021లో 61 చేశారు. ఇక కైలాస మానససరోవర యాత్ర సంగతి. 2020లో ఆగిపోయిన ఈ యాత్ర 2025లో తిరిగి మొదలైంది. విదేశాంగ శాఖవారు దీనికి పెట్టిన నిబంధన ప్రకారం 70 ఏళ్ళు దాటినవారు పనికిరారు. ఎత్తుకు తగిన బరువును చూపే అంకె 25 మించకూడదు. ఢిల్లీలో వైద్య పరీక్షలు నెగ్గాలి. ఇవన్నీ ఉన్నా, చీటీలో పేరు రావాలి! 2025 అమరనాథ యాత్రకూ పై హద్దు 70 ఏళ్ళే.

అంటే 62వ ఏట దండ వేయించుకున్న మనిషికి చేతిలో ఉన్నవి ఎనిమిది సంవత్సరాలు. అందులో మోకాళ్ళు ఎన్ని తీసుకుంటాయో, మనుమల పురుళ్ళు ఎన్ని తీసుకుంటాయో ఎవరికి తెలుసు? కనుక పెద్ద ప్రయాణాలు ముందు, చిన్నవి తరువాత. మనలో చాలామంది దీన్ని తలక్రిందులు చేస్తారు.

ట్రెజరరుగారి టైమ్‌టేబిలు

ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ వెయిన్‌రైట్ అని ఒక మునిసిపల్ ఉద్యోగి ఉండేవాడు. 1907లో బ్లాక్‌బర్న్ అనే మిల్లుల ఊరిలో పుట్టాడు. 1930లో, ఇరవైమూడో ఏట, మొదటిసారిగా లేక్ డిస్ట్రిక్ట్ కొండలు చూశాడు. ఆ చూపుతో మనిషి మారిపోయాడు. 1941లో జీతం తగ్గినా సరేనని ఆ కొండల చెంతనున్న కెండల్ పట్టణానికి ఉద్యోగం మార్చుకున్నాడు. అక్కడే తరువాత ట్రెజరరయ్యాడు.

ఆయనకు కారు లేదు, నడపటమూ రాదు. సెలవు దినాల్లో బస్సెక్కి వెళ్ళి, ఒంటరిగా కొండెక్కి, సాయంత్రం బస్సుకు దిగి వచ్చేవాడు. రాత్రిళ్ళు కూర్చుని దారులన్నీ కలంతో బొమ్మలు గీసేవాడు. 1952లో మొదలుపెట్టి, ఏ ఏటికి ఏ పుస్తకమో లెక్క వేసుకుని, 214 కొండలను ఏడు పుస్తకాలలో 1966 నాటికి ముగించాడు. మరుసటి ఏడు రిటైరయ్యాడు. ఆయనకు రిటైర్మెంటు కొత్త జీవితం కాలేదు. పాత జీవితానికి మరికొంత తీరిక దొరికిందంతే. 1973లో ఇంగ్లండును ఒక సముద్రంనుంచి మరొక సముద్రానికి కాలినడకన దాటే దారి ఒకటి కల్పించి పుస్తకం వేశాడు. ఇప్పటికీ ఎందరో ఆ దారిన నడుస్తున్నారు.

విరమణ తరువాత చేయదలచిన పనిని విరమణకు ముందే, ఆదివారాల్లో మొదలుపెట్టాలని ఈయన బ్రతుకు చెబుతుంది. ఈయన కథలో ఇంకొక పాఠం కూడా ఉంది. అది ఇల్లాళ్ళకు సంబంధించినది. కొంచెం ఆగి చెప్పుకుందాం.

గుడ్డసంచీ అవ్వ

"మాకు సామాను లేదు, అనుభవం లేదు" అనేవారు అమెరికాలోని ఎమ్మా గేట్‌వుడ్ సంగతి వినాలి. ఒహాయో పల్లెటూరి రైతు ఇల్లాలు. పదకొండుమంది బిడ్డల తల్లి. భర్త కొట్టే దెబ్బలు ఏళ్ళ తరబడి పడి, చివరికి విడాకులు పొందింది. అపలేచియన్ కొండల వెంట సాగే రెండువేల పైచిలుకు మైళ్ళ కాలిబాట గురించి ఒక పత్రికలో చదివి, 1954లో బయలుదేరి, దారి తప్పి వెనక్కి వచ్చింది. 1955లో, అరవైయేడో ఏట మళ్ళీ బయలుదేరింది. కాళ్ళకు మామూలు గుడ్డబూట్లు, భుజాన తానే కుట్టుకున్న సంచీ, వానకు స్నానాలగది ప్లాస్టిక్ తెర. అంతే! ఆ సెప్టెంబరులో చివరి శిఖరం ఎక్కింది. ఆ బాటను ఒంటరిగా ఒకే ప్రయాణంలో ముగించిన మొదటి స్త్రీ ఆమె. 1957లో మళ్ళీ నడిచింది. విడతలవారీగా మూడోసారి కూడా పూర్తిచేసింది.

కాళ్ళ ఖాతా

అయితే గేట్‌వుడ్ కాళ్ళు జీవితమంతా పొలంలో పనిచేసిన కాళ్ళు. కుర్చీలో ముప్ఫయ్యేళ్ళు కూర్చున్న మన కాళ్ళు వేరు. అరవై దాటాక కండ త్వరగా కరుగుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 65 దాటినవారికి వారానికి కనీసం 150 నిమిషాల నడకవంటి శ్రమ, రెండు రోజులు కండలకు బలమిచ్చే వ్యాయామం, మూడు రోజులు తూలి పడకుండా నిలకడనిచ్చే సాధన చేయమంటుంది. మనవాళ్ళు మొదటిది చేసి, మిగతా రెండూ వదిలేస్తారు. కొండ దిగేటప్పుడు మోకాలిని కాపాడేది తొడకండ. తూలినప్పుడు తుంటి ఎముకను కాపాడేది నిలకడ. మెట్లెక్కటం, కుర్చీలోనుంచి చేతి ఊతం లేకుండా పదిసార్లు లేవటం, ఒంటికాలిమీద నిలబడటం, ఇవన్నీ ఇంట్లోనే చేయవచ్చు. చేతికర్ర ముసలితనానికి గుర్తని సిగ్గుపడవద్దు. మోకాలి బరువులో అది కొంత తాను మోస్తుంది.

ఎత్తుల విషయంలో మాత్రం పట్టుదల పనికిరాదు. పదివేల అడుగులు దాటాక, రాత్రి పడుకునే చోటు రోజుకు 1,500 అడుగులకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి విశ్రాంతి కావాలి. తలనొప్పి, వాంతి, మగత కనిపిస్తే పైకి వెళ్ళటం మానాలి, తగ్గకపోతే దిగిపోవాలి. అరవైలలో ఒళ్ళు పెరిగి, గుండె మొరాయించిన జపాను పర్వతారోహకుడు యుయిచిరో మియురా, మళ్ళీ నడక సాగించి 2003లో 70వ ఏట, 2013లో 80వ ఏట ఎవరెస్టు ఎక్కాడు. ఆయన్ని చూసి మనం ఎవరెస్టు ఎక్కనక్కరలేదు గాని, తిరుమల మెట్లెక్కటానికి ధైర్యం తెచ్చుకోవచ్చు!

డబ్బు సంగతి

నడక చవకైన సరదా, రోగం ఖరీదైనది. ఆరోగ్య బీమా ఉద్యోగంలో ఉండగానే సొంతంగా తీసుకోవటం మేలు. 65 దాటినవారికి పాలసీ అమ్మరాదనే హద్దు 2024లో తొలగిపోయినా, అప్పటికే ఉన్న జబ్బులకు మూడేళ్ళదాకా ఆగవలసి రావచ్చు. కొండలెక్కటం షరతులలో ఉన్నదో లేదో చదివి చూడండి. రైలులో వృద్ధుల రాయితీ 2020 మార్చిలో నిలిపివేశారు కనుక పూర్తి చార్జీ లెక్కలో వేసుకోవాలి. బస చవకగా కావాలంటే 1949లో ఏర్పడిన యూత్ హాస్టల్స్ అసోసియేషన్ ఉన్నది. పేరు చూసి జంకవద్దు, పెద్దలకూ సభ్యత్వం ఇస్తారు. కొండమీద ఇల్లు కొనుక్కుందామనే మోజు ఉన్నవారు ముందు వానాకాలంలో రెండు నెలలు అద్దెకుండి, ఆసుపత్రి ఎంత దూరమో చూసుకోవాలి.

ఇల్లాలికి రిటైర్మెంటు ఎప్పుడు?

"ఏమోయ్, ఈ వేసవికి కులూ వెళదామా?"

"వెళదాం లెండి. అక్కడా మీకు కాఫీ కాచి ఇచ్చేవాళ్ళు కావాలి గదా!"

చాలా ఇళ్ళలో ఈ మాటతోనే హిమాలయాలు ఆగిపోతాయి. ఆయనకు సర్కారు విరమణ ఇచ్చింది, ఆమెకు ఎవరిచ్చారు? మధ్యాహ్నం రెండు గంటలు ఆమెకు దక్కే ఇల్లు కూడా, ఆయన ఇంట్లో కూర్చోవటంతో పోయింది.

వెయిన్‌రైట్ ఆ కొండలన్నీ నడిచిన పదమూడేళ్ళూ ఆయన భార్య రూత్ ఇంట్లో ఒంటరిగా ఉన్నది. పుస్తకాలు పూర్తయి, విరమణ దగ్గరపడిన రోజుల్లోనే ఆమె ఇల్లు విడిచి వెళ్ళిపోయింది. లెక్కల్లో అంత నిపుణుడు ఆ ఒక్క పద్దు వేసుకోలేదు. 1970లో ఆయన బెటీ అనే ఆమెను వివాహమాడాడు; ఆమె కారు నడిపేది, కొండల్లో తోడుండేది.

కనుక పింఛను కాగితాలతోపాటు ఇదీ తేల్చుకోండి: వంట ఎవరు మానాలి, ఎన్ని రోజులు మానాలి? ఆమెకు కొండలు ఇష్టమా, సముద్రమా, లేక తన అక్కగారి ఊరా? ఉదయం కాఫీ తానే పెట్టటం నేర్చిన భర్తకు సహయాత్రికురాలు తప్పక దొరుకుతుంది.

పిట్టలు పిలుస్తున్నాయి

కొండలు పడనివారికి పిట్టలున్నాయి. 1931-32లో హైదరాబాదు సంస్థానమంతా తిరిగి పక్షులను లెక్కించిన సలీం అలీ, భారతదేశపు పక్షుల మహాగ్రంథం మొదటి సంపుటాన్ని 1968లో, డెబ్బై దాటాక, రిప్లేతో కలిసి వెలువరించారు. పదో సంపుటం 1974లో వచ్చింది. మనకు చలికాలంలో పులికాట్‌లో రాజహంసలు, నేలపట్టులో గూళ్ళు కట్టే గూడబాతులు, గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో కొంగలు ఉన్నాయి. ఒక దుర్భిణీ, ఒక నోటుపుస్తకం, తెల్లవారుజామున లేచే అలవాటు చాలు. పిట్టల్ని చూడటానికి వయస్సు హద్దు ఏ శాఖవారూ పెట్టలేదు.

మీకింకా పదేళ్ళ సర్వీసు ఉన్నదా? అయితే మీకిదే మంచి సమయం. వచ్చే ఆదివారం ఊరిచివర గుట్టదాకా నడచి రండి. ఇంట్లోవారిని కూడా రమ్మనండి. ఫ్లాస్కులో కాఫీ మాత్రం మీరే పోయండి.