మొగ్గలజడ: మోయుదానికి కనబడని సొగసు

తెలుగువారి పాత భోషాణములలో, చెదలు కొఱికిన దస్తావేజుల నడుమ, తఱచుగా ఒక ఛాయాచిత్రము కనబడుచుండును. పట్టుపరికిణీ కట్టిన పదేండ్ల బాలిక కొయ్యబల్ల ప్రక్క నిలిచియుండును. ఆమె వెనుక ఏటవాలుగ నిలిపిన యద్దములో, మెడ మొదలు నడుము దాటువఱకు, తెల్లని మల్లెమొగ్గల బారు మెఱయుచుండును. స్టూడియోవారు ఆ యద్దమును ఉంచుకొనుట వేసవి గిరాకీ నెఱిగియే. ఏలయన, పూలజడకు ఇతరాభరణములకు లేని వింత లక్షణ మొకటి కలదు: ధరించినది దానిని చూచుకొనజాలదు. గాజులు కంటికి, పట్టెడ చేతియద్దమునకు తమ్ము దాము చూపుకొనును; జడ మాత్రము పరుల చేత, పరుల కన్నులకొఱకు నిర్మింపబడునది. మోయుదానికి దక్కునవి బరువును, పరిమళమును మాత్రమే.

జడ కుట్టు దినము కుంకుడుకాయలతో ఆరంభమగును. కాయలు చితుకగొట్టి, వేడినీట నానవైచి, పులుసు పిసికి తలంటుచుండగా కంటబడిన చుక్కకు పిల్ల కెవ్వుమనును. నోట నొక యుప్పుకల్లు వేసి ఊరడించుట మన యిండ్ల వైద్యము. తడి యారునంతట గంపక్రింద సాంబ్రాణిపొగ, పిదప చిక్కు తీయుట, పాపట, మూడుపాయల జడ, పొడవు చాలనిచో సవరము, కొసను కుప్పెలు. ఇంతవఱకును ఒక్కచేతి పని. అసలు యజ్ఞము అటుపిమ్మటిది. దానికి గడువు నిర్ణయించువాడు సూర్యుడు. గుండుమల్లె సందెవేళకు విచ్చును. విచ్చిన పూవు సూదికి లొంగదు. కావున బిగిమొగ్గలుగ కోసి తడిగుడ్డలో మూసియుంచి, అవి కన్ను తెఱవకమునుపే తుదివరుస ముగింపవలెను. ఒకతె మొగ్గల నేఱి, సమానమైనవానిని ఒక్కచోట కుప్పవేయును; ఒకతె దారము లెక్కించి యందించును; నేర్పరియైన యామె, కాడలు లోనికిని తలలు వెలికిని వచ్చునట్లు, వరుస వెంబడి వరుసగా జడకే కుట్టుకొనిపోవును. కొన్ని యిండ్లలో జడమీద అరటిపట్ట నానించి దానికి కుట్టుదురు. తెలుపు వెగటు గొట్టకుండ నడుమ నడుమ కనకాంబరముల యెఱుపు, మరువపు పసరు; పైన నాగరము, చామంతిబిళ్ళ. ఒక్క వరుస వంకరపోయెనా, క్రిందివన్నియు దాని వెంటనే వంకరపోవును. విప్పి మరల కుట్టుట తప్పదు.

వీథికొక్క నేర్పరి యుండెడిది. ఆమెకు ముందునాడే కబురంపవలెను. కూలి యన్నమాట లేదు. కాఫీయు, తాంబూలమును, మిగిలిన మొగ్గలు ఆమె కొప్పునకును.

పీటమీది బాలిక సంగతి యేమి? మెడ వంచి, కాళ్లు తిమ్మిరెక్కగా, మధ్యాహ్నమంతయు కూర్చుండవలెను. "కదలకే అమ్మడూ, వరస చెడుతుంది" అన్న మాట ఆ గదిలో వినబడినంతగా మఱియొక మాట వినబడదు. సాయంకాలము పేరంటమున అందఱును భుజము పట్టి త్రిప్పి చూచినవారే. రాత్రి వెల్లకిల పండుకొనుటకు వీలులేక బోరగిల నిద్రించుటయే. మఱునాటికి మొగ్గలు గోధుమవన్నెకు దిగును. కత్తెరతో దారములు త్రెంచునప్పుడు నాలుగు వెండ్రుకలు కూడ వానివెంట పోవును. పూలజడను తలచుకొని నేడు నిట్టూర్చువారిలో మగవారే హెచ్చని నా యనుమానము. కూర్చున్నవారి నడిగినచో నిట్టూర్పునకు ముందు మెడ నిమురుకొందురు.

న్యాయమునకు ఒక మినహాయింపు చెప్పవలెను. జడను నిజముగ మోసిన పురుషులు కూచిపూడి భాగవతులు. సిద్ధేంద్రయోగి భామాకలాపమున సత్యభామ తెరవెనుక నుండి జడను తెరమీదుగ సభకు చూపుట సవాలు. తన్ను విద్యలో ఓడింపగలవాడున్నచో ఆ జడ కోయవచ్చునని దాని యర్థముగా సంప్రదాయము చెప్పును. స్త్రీపాత్రలకు పేరొందిన వేదాంతం సత్యనారాయణశర్మ, 1970లో పద్మశ్రీ గైకొన్న నటుడు, ఆ జడను ధరించి భామయై నడచినప్పుడు సభలోని స్త్రీలు తమ నడకను ఆయనయందు చూచుకొనిరని వాడుక. ఇతరులకై అల్లబడు నలంకారమును తన యహంకారమునకు ధ్వజముగ నెత్తినది భామ. ఆమెవలె జడను ముందుకు విసరికొను ధైర్యము పీటమీది బాలికకు ఎవ్వరును నేర్పలేదు.

1957 నాటి మాయాబజారులో సావిత్రి జడను చూచి మురిసిన తరమువారి మనుమరాండ్రకు నేడు జడయే యరుదు. దానికి విలపించుట తగదు. పెరటి మల్లెపందిరి పోయెను. మధ్యాహ్నమున నలుగురు స్త్రీలు ఒక్క పిల్లయొక్క తలచుట్టు చేరు తీరిక పోయెను. ఆ తీరిక యందఱిదియు ఇష్టపూర్వకమైనదే యని చెప్పుటకు నాకు నోరు రాదు. మైలవరపు తోటల మొగ్గలు నేడును వేసవిలో వచ్చుచునే యున్నవి, కాని వానిని మూరలుగ కొని పిన్నుతో గుచ్చుకొనుటతో సరి.

అయినను మొగ్గలజడ చావలేదు. పెండ్లిపందిరికి, సీమంతమునకు తావు మార్చుకొన్నది. ముందుగనే కుట్టి సిద్ధపఱచిన జడలు పెట్టెలలో వచ్చును. పిన్నులతో నిముషములలో అమరును, నిముషములలో ఊడును. గుడ్డతో, కాగితముతో చేసిన మొగ్గలవి సముద్రములు దాటి విదేశములలోని తెలుగు పెండ్లిండ్లకును పోవును. వధువునకు మెడనొప్పి లేదు, జుట్టు తెగుట లేదు, ఇది మేలే. ధర విన్న తల్లులు మాత్రము ఉలికిపడి బేరమునకు దిగుదురు. మల్లెలు ఇంత ప్రియమా యని వాదింతురు. మొగ్గల వెల యెంతో పూలయంగడిలో తెలియును. తక్కినదంతయు కుట్టినవారి మధ్యాహ్నపు కూలి, తాంబూలముతో సరిపుచ్చిన పద్దు.