పాత జీపు కొనేముందు నాలుగు చక్రాలూ లాగుతాయో లేదో చూడండి

ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల నల్లరేగడి ఊళ్ల సంగతి మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. ఎండాకాలంలో నెర్రెలిచ్చి రాయిలా ఉండే నేల, ఒక మంచి వాన పడిందంటే చక్రాలకు ముద్దలు ముద్దలుగా చుట్టుకుంటుంది. కోసిగి, కౌతాళం, హొళగుంద, పెద్దకడుబూరు వైపు నుండి వచ్చేవారు తారు రోడ్డు ఎక్కితే చాలు, ఆసుపత్రికి ఎలాగో చేరతారు. ఆ తారు రోడ్డు ఎక్కడమే కష్టం. నొప్పులు పడుతున్న తల్లికీ, పాము కరిచిన రైతుకూ, ఆయాసంతో ఉన్న ముసలివారికీ ఆ రెండు మూడు కిలోమీటర్ల బండిబాటే ప్రాణం మీదికి తెస్తుంది.

2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో 108 సేవలు మొదలయ్యాయి. అవసరం వచ్చినప్పుడు మొదట ఆ నంబరుకే ఫోను చేయాలి. అయితే వానాకాలంలో అంబులెన్సు రోడ్డు మీద నిలబడి, రోగి చేను గట్టు మీద ఆగిపోయే రోజులు కూడా ఉంటాయి. అందుకే నాలుగైదు కుటుంబాలు కలిసి ఒక పాత జీపు కొనుక్కుందామని అనుకోవడం సహజం. బండి కొనడానికీ ఆరోగ్య పత్రికకూ సంబంధం ఏమిటని అడగవచ్చు. చెడ్డ బండిలో బయలుదేరిన రోగి దారిలోనే ఆగిపోతే మా మందులు ఏం చేస్తాయి?

జీపులా కనిపించేదంతా ఫోర్ వీల్ కాదు

మన దేశంలో మహీంద్రా వారు విల్లీస్ జీపులు బిగించడం 1947లో మొదలుపెట్టారు. అప్పటి నుండి ఎత్తుగా, చతురస్రంగా ఉన్న ప్రతి బండినీ జీపు అనడం, జీపు అంటే నాలుగు చక్రాలూ లాగుతాయని నమ్మడం మనకు అలవాటైంది. నిజానికి మన రోడ్ల మీద తిరిగే బొలేరోలు, సుమోలలో ఎక్కువ వాటికి వెనుక చక్రాలే లాగుతాయి. బురదలో వెనుక చక్రాలు జారితే ఆ బండికీ కారుకూ పెద్ద తేడా ఉండదు. ఈ మధ్య వచ్చిన బండ్లలో కూడా ఈ తికమక ఉంది. 2020లో వచ్చిన కొత్త థార్ మొదట నాలుగు చక్రాల బండే. 2023 జనవరి నుండి వెనుక చక్రాల థార్ కూడా అమ్ముతున్నారు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. పాత సఫారీలో 4×4 రకం ఉండేది, 2021లో వచ్చిన కొత్త సఫారీలో లేదు. మారుతి జిప్సీ మాత్రం అసలైన నాలుగు చక్రాల బండి. 1985లో వచ్చి ముప్పై ఏళ్లకు పైగా నడిచింది. కానీ అది పెట్రోలు బండి, ఖర్చు చూసుకోవాలి.

అందుచేత వెనుక తలుపు మీద 4×4 అని స్టిక్కరు ఉందని నమ్మవద్దు. కిందికి వంగి చూడండి. వెనుక హౌసింగు మధ్యలో గుండ్రటి డిఫరెన్షియల్ ఉన్నట్టే ముందు కూడా ఉండాలి. గేరు బాక్సు దగ్గర నుండి వెనక్కి ఒక షాఫ్టు, ముందుకు మరొక షాఫ్టు పోవాలి. లోపల మామూలు గేరు రాడ్డు పక్కన 2హెచ్, 4హెచ్, 4ఎల్ అని రాసిన చిన్న రాడ్డు గానీ స్విచ్చి గానీ ఉండాలి. కొన్ని పాత జీపులకు ముందు చక్రాల మధ్యలో చేత్తో తిప్పే లాకులు ఉంటాయి. అవి తుప్పు పట్టి తిరగకపోతే లోపల ఎంత మంచి గేరున్నా ముందు చక్రాలు లాగవు.

అన్నీ ఉన్నా పని చేస్తున్నాయా అన్నది వేరే ప్రశ్న. ఏళ్ల తరబడి ఆ రాడ్డు ముట్టుకోని యజమానులు చాలామంది. ముందు షాఫ్టు విప్పి పక్కన పడేసి అలాగే నడిపేవారు కూడా ఉంటారు. మెకానిక్ చేత ఈ పరీక్ష చేయించండి. సమతలం నేల మీద బండి ఆపి, ఇంజను ఆపేసి, వెనుక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేకు వేయాలి. రాడ్డు 2హెచ్‌లో పెట్టి ముందు చక్రం ఒకదానిని జాకీతో లేపి చేత్తో తిప్పితే తిరుగుతుంది. రాడ్డు 4హెచ్‌లోకి మార్చి, లాకులుంటే అవి కూడా బిగించి మళ్లీ తిప్పితే చక్రం కదలకూడదు. 4హెచ్‌లో కూడా గిర్రున తిరుగుతోందంటే ఎక్కడో తెగింది, లేదా అరిగింది. జాకీ మీద ఉన్న బండి కిందికి మాత్రం ఎవరినీ దూరనివ్వవద్దు.

ఆ తరువాత దుక్కి చేసిన చేనులో గానీ ఇసుక వంకలో గానీ నడిపి చూడండి. తారు రోడ్డు మీద 4హెచ్ వేసి పరీక్షించడం తప్పు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు, వెనుక చక్రాలు వేర్వేరు దూరాలు పోవాలి. మెత్తని నేల మీద చక్రం కొంచెం జారి ఆ తేడా సరిపెట్టుకుంటుంది. తారు మీద జారడానికి వీలులేక గేర్లు బిగుసుకుంటాయి. ఈ సంగతి తెలియక కొత్త యజమానులు మొదటి నెలలోనే మంచి బండిని పాడు చేసుకుంటారు.

టైర్ల విషయం ఒకటుంది. నాలుగూ ఒకే సైజులో, ఇంచుమించు ఒకే అరుగుదలతో ఉండాలి. ముందు కొత్తవి, వెనుక అరిగినవి వేస్తే నాలుగు చక్రాల గేరు మీద అదే బరువు పడుతుంది. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. నల్లరేగడిలో మంచి గాట్లున్న టైరు సగం పని చేస్తుంది. అరిగిన టైరుతో ఏ గేరూ లాగలేదు.

నీళ్లలో మునిగిన బండి

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు, మంత్రాలయం ఎలా మునిగాయో చూసినవారు మనలో ఎంతోమంది ఉన్నారు. 2015లో చెన్నైలో, 2020లో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో విజయవాడలో కూడా వేల బండ్లు నీళ్లలో నిలిచాయి. అటువంటి బండిని కడిగి, పాలిష్ పట్టి దూర ప్రాంతాల్లో అమ్మడం సులువు. వైర్లలో, కంప్యూటరు డబ్బాల్లో తుప్పు మెల్లగా పెరిగి, ఏడాది తరువాత ఏ అర్ధరాత్రో బండి స్టార్టు కాదు.

సీటు బెల్టును చివరి దాకా లాగి చూడండి, లోపలి భాగంలో బురద గీత కనిపిస్తుంది. మ్యాట్లు ఎత్తి వాసన చూడండి. సీటు కింది బోల్టులు, డ్యాష్‌బోర్డు వెనుక ఇనుప పట్టీలు తుప్పు పట్టి ఉంటే అనుమానించాలి. గేరు బాక్సు, ముందు వెనుక హౌసింగుల ఆయిలు కొంచెం తీయించి చూడండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయన్నమాట. వంకలు దాటే మన ప్రాంతపు బండ్లలో వరద లేకుండా కూడా ఇది జరుగుతుంది. కొన్నాక ఈ మాట కూడా గుర్తుంచుకోండి. పారే నీళ్లు రెండు అడుగుల ఎత్తు ఉంటే ఎంత పెద్ద జీపునైనా లేపి తీసుకుపోగలవు. నాలుగు చక్రాలు బురదలో లాగుతాయి గానీ వరదలో ఈదవు.

ఇంజను, పొగ, బ్రేకు

బండి చూడడానికి తెల్లవారే వెళ్లండి. ముందుగా వేడి చేయవద్దని అమ్మేవారికి చెప్పండి. చల్లగా ఉన్న ఇంజను అసలు రంగు చూపిస్తుంది. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిలు కాలుతోంది, బోరుకు వచ్చిందని అర్థం. వేడెక్కిన తరువాత కూడా తెల్లపొగ తగ్గకపోతే సిలిండరులోకి నీళ్లు దిగుతున్నాయేమో చూపించాలి. ఖాళీ రోడ్డు మీద ముప్పై, నలభై వేగంలో బ్రేకు గట్టిగా తొక్కితే బండి ఒక పక్కకు లాగకూడదు. ఇదంతా ఏ మెకానిక్కైనా చెబుతాడు.

వైద్యులుగా మేము ఎక్కువ నొక్కి చెప్పేది సైలెన్సరు గురించి. సైలెన్సరు పైపుకు చిల్లు పడినా, వెనుక తలుపు రబ్బరు పోయినా ఇంజను పొగ లోపలికి వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు ఉండవలసిన చోటును అది ఆక్రమిస్తుంది. తలనొప్పి, తల తిరగడం, వాంతి, మగత దాని గుర్తులు. దారిలో కుదుపులకు వాంతి అయిందని అనుకుంటాం. కడుపులో బిడ్డకూ, గుండె జబ్బు ఉన్నవారికీ ఇది మరింత ప్రమాదం. పెట్రోలు ఇంజనులో ఈ వాయువు ఎక్కువ. డీజిలు పొగ ఆయాసం ఉన్నవారికి హాని చేస్తుంది. ఇంజను నడుస్తుండగా మెకానిక్‌ను సైలెన్సరు పొడుగునా బుస్సుమనే శబ్దం వినమనండి. వెనుక తలుపు తెరిచి, లేదా టార్పాలిను ఎత్తి ప్రయాణం చేయవద్దు. అలా చేస్తే పొగను బండే లోపలికి లాక్కుంటుంది.

ఒక టేపు కూడా తీసుకువెళ్లండి. వెనుక సీట్లు మడిస్తే ఆరడుగుల మనిషి పడుకునే చోటు ఉండాలి. నెలలు నిండిన తల్లిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. పాము కరిచినవారిని నడిపించకూడదు, కరిచిన కాలు కదలకూడదు. ఎదురెదురు బల్లల సీట్లున్న బండ్లలో ఈ చోటు దొరకడం కష్టం, వాటికి బెల్టులు కూడా తరచు ఉండవు. బెల్టులున్న సీట్లు ఎన్నో లెక్కపెట్టండి. ఆ బండిలో ఎక్కవలసినవారి సంఖ్య అదే.

కాగితాలు

ఆదోనికి బళ్ళారి, రాయచూరు దగ్గర కాబట్టి కె.ఎ. 34, కె.ఎ. 36 బండ్లు బేరానికి వస్తుంటాయి. అక్కడి ఆర్.టి.ఓ. నుండి ఎన్.ఓ.సి. తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ఖర్చు ముందే ధరలో కలిపి చూసుకోండి. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిలు బండ్లపై 2015లో హరిత ట్రిబ్యునల్ ఆంక్ష పెట్టిన తరువాత అక్కడి జీపులు కూడా దక్షిణాదికి చాలా వచ్చాయి. చౌకగా దొరికినా పదిహేనేళ్లకు ఎంత దూరంలో ఉందో చూడండి. పదిహేనేళ్లు నిండితే బండి పరీక్ష చేయించి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుండి ఆ ఫీజు 600 నుండి 5,000 రూపాయలకు పెరిగింది. ప్రభుత్వ శాఖల పాత జీపు వేలంలో వచ్చిందని ఎవరైనా చెబితే మరీ జాగ్రత్త. 2023 ఏప్రిల్ 1 నుండి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషను పొడిగించరు, అవి తుక్కుకే పోవాలి.

బయానా ఇవ్వకముందే చాసిస్ మీద గుద్దిన నంబరును పెన్సిలుతో కాగితం మీదికి అచ్చు తీసి ఆర్.సి.తో పోల్చండి. ఫైనాన్సు బాకీ ఉందా, బీమా ఎప్పటిదాకా ఉంది అన్నవి ఎం-పరివాహన్‌లో కనిపిస్తాయి. బాకీ తీరిందని నోటి మాట చాలదు, 35వ నంబరు ఫారం అడగండి.

నాలుగు కుటుంబాలు కలిసి కొన్నా ఆర్.సి.లో ఒక పేరే ఉంటుంది. ఎవరి పేరో, మరమ్మతు ఖర్చు ఎవరెంతో ముందే కాగితం మీద రాసుకోండి. తెల్ల బోర్డు బండిలో కిరాయికి మనుషులను ఎక్కించుకుంటే ప్రమాదం జరిగినప్పుడు బీమా వారు చేతులెత్తేయవచ్చు. అమ్మేవారు సంతకం చేసిన 29, 30 నంబరు ఫారాలను బీరువాలో దాచుకుని ఏళ్ల తరబడి తిరగడం కూడా మంచిది కాదు. పేరు మారకపోతే ప్రమాదంలో నష్టపరిహారం ఆర్.సి.లో ఉన్న పాత యజమాని మీదే పడుతుందని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ యజమాని చనిపోతే పేరు మార్పిడికి వారసులందరి చుట్టూ తిరగాలి. కాబట్టి అమ్మేవారూ కొనేవారూ ఇద్దరూ తొందరపడవలసిన పని ఇది. బండి చేతికి వచ్చిన ముప్పై రోజుల్లోపల పేరు మార్పిడికి దరఖాస్తు ఇవ్వండి. అదే వారంలో బీమా కూడా మీ పేరు మీదికి మార్పించుకోండి.