ఫాలోవర్లను పెంచెదమను సేవలు – నమ్మదగినవో కావో తెలుసుకొను విధము



జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో పలువురు రైతులు నేడు తమ పంటను యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌ల ద్వారా కొనుగోలుదారులకు స్వయముగా చూపుచున్నారు. 2025లో వరంగల్ చపాట మిరపకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఇట్టి పంటల పేరు దూరప్రాంతములకు తెలియుట మంచిదే. అయితే ఇట్టి రైతులకు "పది రోజులలో పదివేల మంది ఫాలోవర్లు" అను సందేశములు కూడ వచ్చుచుండును. కొద్ది వందల రూపాయలే గదా అని ఒప్పుకొనరాదు. పోవునది ఆ వందలు మాత్రమే కాదు.

ఈ సేవలు మూడు రకములు

మొదటి రకమువారు యంత్రముతో సృష్టించిన, మనుషులు లేని ఖాతాలను మీకు చేర్చెదరు. అంకె పెరుగును గాని అవి ఒక్క కిలో మిరపకాయలైనను కొనవు.

రెండవ రకమువారు మీ ఖాతాను తమ యంత్రమునకు అప్పగించుకొని, మీ పేరుతో వందలాది అపరిచితులను ఫాలో చేయుదురు, లైకులు పెట్టుదురు.

మూడవ రకము న్యాయమైనది. మాధ్యమ సంస్థకే నేరుగా సొమ్ము చెల్లించి ప్రకటన వేయించుట, అనుకొన్న వేళకు వీడియో విడుదల చేయు సాధనములను వాడుట ఇందులోనివి. వీరు ఇందరు కొనుగోలుదారులు వచ్చెదరని మాట ఇవ్వరు.

కలుగు నష్టము

తాలు గింజలు కలిసిన కుప్ప పెద్దదిగా కనిపించును; తూర్పారబట్టినచో సంగతి తెలియును. యూట్యూబ్‌లో పెద్ద వీడియోలపై ప్రకటనల ఆదాయము రావలెనన్న 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, గడచిన 12 నెలలలో 4,000 గంటల వీక్షణము ఉండవలెను. కొన్న సబ్‌స్క్రైబర్లు వీడియో చూడరు గనుక గంటలు పెరుగవు. పైగా ఇది యూట్యూబ్ నియమములకు విరుద్ధము, చానెల్‌నే తొలగింపవచ్చును. ఇన్‌స్టాగ్రామ్ కూడ ఇట్టి దొంగ లైకులను, ఫాలోలను తీసివేయుదుమని 2018 నవంబరులో ప్రకటించినది.

అన్నిటికంటె పెద్ద ముప్పు పాస్‌వర్డు ఇచ్చుట. యూట్యూబ్‌కు వాడు గూగుల్ ఖాతా తాళము ఇచ్చినచో ఈ-మెయిల్, ఫోటోలు, దాచుకొన్న ఫోన్ నంబర్లు అన్నియు ఇచ్చినట్లే. కోతల వేళ ఖాతా చేజారినచో, ఏండ్ల తరబడి సంపాదించుకొన్న కొనుగోలుదారులు దూరమగుదురు.

పరీక్షించు విధము

విత్తనములను అమ్మినవాని మాటపైననే చల్లము. నూరు గింజలు తడిగుడ్డలో చుట్టి, ఎన్ని మొలచినవో లెక్కించెదము. అట్లే వీరినీ పరీక్షింపవలెను.

1. పాస్‌వర్డు గాని ఓటీపీ గాని అడిగినచో అక్కడితో మాట ముగింపుడు.

2. ఇన్ని రోజులలో ఇందరు అని హామీ ఇచ్చినచో నమ్మరాదు. ఇతరుల ఇష్టమును ఎవరును అమ్మలేరు.

3. "తగ్గినచో మరల నింపెదము" అనుట గొప్పగా తోచును. నిజమునకు అది ఫాలోవర్లు నిలువరని ఒప్పుకొనుటయే.

4. వారు పెంచితిమని చూపు ఖాతాలను తెరచి చూడుడు. వేలాది ఫాలోవర్లు ఉండి పదిమందియైనను మాట్లాడకున్నను, అందరును ఒకే మాట వ్రాసినను అవి తాలు గింజలే.

5. చిరునామా, బిల్లు, జీఎస్టీ నంబరు అడుగుడు. ఆ నంబరును జీఎస్టీ వెబ్‌సైట్‌లో ఎవరైనను సరిచూచుకొనవచ్చును. సొమ్ము ఒక వ్యక్తి సొంత యూపీఐకి పంపుమనినచో అనుమానింపవలెను.

మోసపోయినచో

వెంటనే పాస్‌వర్డు మార్చి, ఇతర ఫోన్లలో తెరచియున్న ఖాతాను మూసివేయుడు. అపరిచిత యాప్‌లకు ఇచ్చిన అనుమతులను తొలగించి, రెండంచెల భద్రత పెట్టుకొనుడు. సొమ్ము పోయినచో 1930కు ఫోన్ చేసి, బ్యాంకుకు కూడ తెలుపుడు. సిగ్గుపడి ఆలస్యము చేయరాదు.

నిజమైన పెరుగుదల

జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో ప్రారంభమైన మై విలేజ్ షో, పల్లె మనుషులతో, పల్లె మాటలతోనే పేరు తెచ్చుకొనినది. మీరును విత్తిన తేదీ, రకము, వాడిన మందులు, ధర దాచక చెప్పుచు వీడియోలు పెట్టుడు. అడిగినవారికి అదే రోజు జవాబివ్వుడు. పదివేల దొంగ ఫాలోవర్లకంటె, మరుసటి ఏడు మరల ఫోన్ చేయు నూరుగురు కొనుగోలుదారులు రైతుకు మేలు.