బిల్లు చూసి బెదరొద్దు... ఇలా అడగండి!

మన ఊళ్లలో హోటల్ అంటే ఇడ్లీ, దోసె తినే చోటు. రాత్రి పడుకునేది లాడ్జి. గద్వాలలోనైనా, వనపర్తిలోనైనా, నాగర్‌కర్నూల్‌లోనైనా తాళంచెవి కౌంటర్ మీద పెట్టి "అన్నా, రూమ్ ఖాళీ చేస్తున్నం, లెక్క చూడు" అంటే పని అయిపోతుంది. చిక్కంతా మన జిల్లాలు దాటాకే.

మా వదినది గద్వాల. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేసే ఆ చీరల సంగతి మీకు కొత్తగా చెప్పాలా! వాటిని ఎగ్జిబిషన్లకు తీసుకెళ్లి అమ్ముతుంది. ఒకసారి తోడుగా నేనూ బెంగళూరు వెళ్లాను. మూడోరోజు గది ఖాళీ చేస్తుంటే రిసెప్షన్‌లో అబ్బాయి "ఎనీథింగ్ ఫ్రమ్ ద మినీ బార్, మేడమ్?" అన్నాడు. వదిన ముఖం ఎర్రబడింది. "ఏంది వదినా, మనల్ని బారుకు పోయేటోళ్లనుకుంటున్నడా?" అంది నా చెవిలో.

అతను అడిగింది గదిలోని చిన్న ఫ్రిజ్ గురించి. పక్కనే ఉన్న పల్లీల పొట్లం ఊరికే ఇచ్చారనుకుని రాత్రే విప్పేశాం మరి. పల్లీలు పండే వనపర్తి నుంచి పోయి చారెడు పల్లీలకు 120 రూపాయలు కట్టాం! అది మా తప్పే అనుకోండి. కానీ మేం వేయని బట్టలకు లాండ్రీ అని 640 రూపాయలు వేశారు. డిగ్రీ చదివి, కథలు రాసే నాకు ఆ కౌంటర్ ముందు నోరు పెగల్లేదు. కట్టేసి వచ్చాం. ఆటోలో వదిన ఒక్క మాటే అంది: "చీర మీద వచ్చిన లాభం పాయె."

ఆ రాత్రే ఆమె లెక్కల పుస్తకం వెనకపేజీలో కొన్ని వాక్యాలు తెలుగక్షరాల్లో రాసిచ్చాను.

ముందురోజే "వాట్ ఈజ్ ద చెక్ అవుట్ టైమ్?" అని అడిగి పెట్టుకోవాలి. మన లాడ్జీల్లో చాలాచోట్ల 24 గంటల లెక్క. పెద్ద హోటళ్లలో మీరు రాత్రి పదింటికి దిగినా సరే, మర్నాడు పన్నెండుకో, పదకొండుకో ఖాళీ చేయాల్సిందే. ఆలస్యమయ్యేలా ఉంటే "కెన్ వుయ్ స్టే టిల్ టూ? ఈజ్ దేర్ ఎన్ ఎక్స్‌ట్రా చార్జ్?" రెండో ప్రశ్న మరవకండి. రైలు రాత్రికైతే "కెన్ వుయ్ లీవ్ అవర్ బ్యాగ్స్ హియర్ టిల్ ఈవెనింగ్?" అంటే చాలాచోట్ల ఊరికే ఉంచుకుంటారు.

దిగేముందు "వుయ్ ఆర్ చెకింగ్ అవుట్. కెన్ వుయ్ హావ్ ద బిల్, ప్లీజ్?" అనండి. "గివ్ బిల్" అంటే అర్థమవుతుంది గానీ గదమాయించినట్టుంటుంది. మనం మాట చివర 'అండీ' చేర్చినట్టే వాళ్లకు ఈ 'ప్లీజ్'.

అసలు పని బిల్లు చేతికొచ్చాకే. డబ్బు తీయకముందే ఒక్కో వరుసా చదవండి. అర్థంకాని అంకె మీద వేలుపెట్టి "వాట్ ఈజ్ దిస్ చార్జ్ ఫర్?" అనండి. మీది కాకపోతే "వుయ్ డిడ్ నాట్ యూజ్ దిస్. ప్లీజ్ రిమూవ్ ఇట్." అడ్వాన్స్ తగ్గించకపోతే "వుయ్ హావ్ పెయిడ్ ఎన్ అడ్వాన్స్. ప్లీజ్ డిడక్ట్ ఇట్." గొంతు పెంచక్కర్లేదు, తడబడినా ఫరవాలేదు. వెనక క్యూ ఉందని మాత్రం కంగారుపడకండి. మేం మోసపోయింది ఆ కంగారుతోనే.

రోజుకు 7,500 రూపాయల దాకా ఉన్న గదికి 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతమే. అంతకుముందు 12 ఉండేది. సర్వీస్ చార్జి పన్ను కాదు. దాన్ని బిల్లులో తప్పనిసరిగా కలపకూడదని 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెబితే, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. "ప్లీజ్ రిమూవ్ ద సర్వీస్ చార్జ్" అనే హక్కు మీకుంది. వినకపోతే 1915 నంబరుకు ఫోన్ చేయొచ్చు.

డబ్బు కట్టాక "కెన్ ఐ హావ్ ఎ రిసీట్?" రాసేటప్పుడు అందులో 'పి' ఉంటుంది, పలికేటప్పుడు ఉండదు.

తర్వాతి ఎగ్జిబిషన్‌కు వదిన ఒక్కతే వెళ్లింది. బిల్లులో రెండు నీళ్లసీసాలు ఎక్కువ వేశారట. "దిస్... వాట్ ఫర్?" అందట, వాక్యం తిరగేసి. కొట్టేసి కొత్త బిల్లు ఇచ్చారు. ఫోన్ చార్జర్ మాత్రం గదిలోనే మరచిపోయింది. "వుయ్ లెఫ్ట్ ఎ చార్జర్ ఇన్ ద రూమ్" అని ఆ పేజీలో ఇంకో వరుస చేర్చాం.