446 బైట్ల జాగాలో

హైదరాబాద్ నుంచి చేవెళ్ల వైపు వెళ్తుంటే మొయినాబాద్ చుట్టుపక్కల అజీజ్‌నగర్, చిలుకూరు, యెంకపల్లి అంతటా ఇంజనీరింగ్ కాలేజీల బోర్డులే. చిలుకూరు బాలాజీ చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేసి వీసా మొక్కుకునేవాళ్లలోనూ కంప్యూటర్ చదువులవాళ్లు బాగానే కనిపిస్తారు. అయినా ఈ దారిలో ఎవరిని ఆపి అడిగినా స్వేచ్ఛ, బాస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ల పేర్లు విన్నామని చెప్పేవాళ్లు అరుదేననుకుంటాను.

స్వేచ్ఛ మన దగ్గరదే. తెలుగులో మెనూలున్న ఈ సిస్టమ్‌ను అదే పేరున్న స్వచ్ఛంద సంస్థ 2005లో తెచ్చింది. బడిపిల్లల కోసం బాల స్వేచ్ఛ అని ఒక రూపమూ చేసింది. బాస్ చెన్నైలోని ప్రభుత్వ సంస్థ సీడాక్‌వాళ్లది. డెబియన్ అనే లినక్స్ రూపం మీద కట్టి 2007లో విడుదల చేశారు. రెండూ లినక్స్ కుటుంబమే. చేవెళ్లలో ఏ ఇంట్లోనో మూలన పడ్డ డెస్క్‌టాప్‌లో పిల్లలకు బాల స్వేచ్ఛ, పెద్దల పనికి బాస్ పెట్టుకోవాలంటే హార్డ్‌డిస్క్‌ను రెండు ముక్కలు చేయడం అరగంట పని. పేచీ వచ్చేది పవర్ బటన్ నొక్కాకే. ఇద్దరిలో ముందు ఎవరు లేవాలి? అది తేల్చేది బూట్‌లోడర్ అనే బుల్లి ప్రోగ్రామ్.

పీసీ హార్డ్‌డిస్క్‌లో దానికి జాగా ఎలా వచ్చిందో తెలియాలంటే 1983కు వెళ్లాలి. ఐబీఎం ఆ ఏడు పీసీ ఎక్స్‌టీని 10 మెగాబైట్ల హార్డ్‌డిస్క్‌తో తెచ్చింది. అంత చిన్న డిస్కులోనూ ఒకటికి మించి సిస్టమ్‌లు ఉండొచ్చని ఊహించి, మొదటి సెక్టారులోని 512 బైట్లను ఇలా పంచారు: ప్రోగ్రామ్‌కు 446, పార్టిషన్ పట్టికకు 64, చివర గుర్తుకు 2. ఆ పట్టిక డిస్కుకు పహాణీ అన్నమాట. ఏ ముక్క ఎక్కడ మొదలవుతుంది, ఎంత విస్తీర్ణం, సాగులో ఉన్నది ఏ రకం సిస్టమ్ అన్నది అందులో ఉంటుంది. ఎంట్రీలు నాలుగే. మెషిన్ ఆన్ కాగానే మదర్‌బోర్డులో ఉండే బయోస్ ఈ సెక్టారును మెమరీలోకి తెచ్చి, చివరి గుర్తు సరిచూసి, పగ్గాలు ఆ 446 బైట్లకు అప్పగించి తప్పుకుంటుంది. అంటే ఒకే మెషిన్లో రెండు సిస్టమ్‌లు పెట్టుకునే డ్యూయల్ బూట్ తర్వాతెవరో కనిపెట్టిన చిట్కా కాదు. పీసీకి హార్డ్‌డిస్క్ వచ్చిన నాడే దానికీ చోటు పెట్టారు.

లినక్స్ తొలినాళ్లలో ఆ జాగాలో లిలో అనే బూట్‌లోడర్ ఉండేది. దానికి ఫైళ్లు చదవడం రాదు. సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ డిస్కులో ఏ బ్లాకుల్లో ఉందో నంబర్లు రాసిపెట్టుకునేది. కెర్నెల్ మార్చి లిలోకు చెప్పడం మరిచారా, మెషిన్ లేవదు.

గ్రబ్ అనే మరో బూట్‌లోడర్ వచ్చి ఆ బాధ తీర్చింది. దాని కథే నాకు తమాషాగా అనిపిస్తుంది. ఎరిక్ బోలిన్ 1995లో దాన్ని రాసింది లినక్స్ కోసం కాదు, గ్నూ హర్డ్ అనే సిస్టమ్‌ను లేపడానికి. హర్డ్ ఈనాటికీ జనంలోకి రాలేదు. దాని కోసం పుట్టిన గ్రబ్ మాత్రం లినక్స్ డెస్క్‌టాప్‌లలో చాలావాటి మీద పెత్తనం చేస్తోంది. 446 బైట్లలో తాను పట్టదు కాబట్టి అక్కడ ఒక పిసరు మాత్రం పెట్టి, మొదటి పార్టిషన్‌కు ముందున్న ఖాళీలో రెండో ముక్క దాస్తుంది. ఆ ముక్కకు ఫైల్‌సిస్టమ్ చదవడం వచ్చు. మిగతా సరంజామా అంతా మామూలు ఫైళ్ల నుంచి అదే తెచ్చుకుంటుంది.

ఇప్పుడు మన డెస్క్‌టాప్. ముందు బాల స్వేచ్ఛ, తర్వాత బాస్ ఎక్కించామనుకోండి. ఇద్దరికీ గ్రబ్బే కావాలి, జాగా ఒక్కటే. చివర వచ్చినది ముందున్నదాన్ని చెరిపేసి కూర్చుంటుంది. నల్లటి తెర మీద మెనూ వస్తుంది, మామూలుగా ఐదు సెకన్లు ఆగుతుంది. అందులో బాస్ ఒక్కటే కనిపిస్తే కంగారు పడొద్దు, బాల స్వేచ్ఛ ఎక్కడికీ పోలేదు. పక్క సిస్టమ్‌లను వెతికే ఓఎస్ ప్రోబర్‌ను 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి భద్రత పేరు చెప్పి ఆపేశారు. సెట్టింగుల ఫైల్లో దాన్ని తిరిగి ఆన్ చేసి, అప్‌డేట్ గ్రబ్ కమాండ్ ఇస్తే రెండో పేరూ వస్తుంది. తర్వాతెప్పుడో బాల స్వేచ్ఛలో కెర్నెల్ మారిందనుకోండి, ఆ సంగతి బాస్ రాసుకున్న మెనూకు తెలియదు. మళ్లీ బాస్‌లోకి వెళ్లి అదే కమాండ్ ఇవ్వాల్సిందే.

కొత్త మెషిన్లలో బయోస్ స్థానంలోకి యూఈఎఫ్ఐ వచ్చాక ఈ కొట్లాట చాలావరకు సద్దుమణిగింది. అక్కడ బూట్‌లోడర్లకు ప్రత్యేకంగా ఒక పార్టిషన్, అందులో ఎవరి ఫోల్డర్ వాళ్లది. అయితే కొడుకులు తండ్రి పేరే పెట్టుకుంటే తంటా: ఉబుంటు మీద కట్టిన లినక్స్ మింట్ ఆ ఫోల్డర్‌కు ఉబుంటు అనే పేరు పెడుతుంది, రెండూ ఒకే మెషిన్లో ఉంటే ఒకదాని ఫైళ్లను ఇంకొకటి తొక్కేస్తుంది.

ఫొటోలు, పాఠాల కోసం ఉమ్మడి పార్టిషన్ ఒకటి పెట్టుకోవచ్చు. లినక్స్‌కు ఫైలు యజమాని పేరుతో పని లేదు, నంబరే లెక్క. డెబియన్ సంతతిలో మొదటి యూజర్ నంబర్ 1000, కాబట్టి రెండువైపులా పేర్లు వేరైనా ఫైళ్లు తెరుచుకుంటాయి. మెమరీ చాలనప్పుడు వాడుకునే స్వాప్ పార్టిషన్‌ను కూడా ఉమ్మడిగా వాడుకోవచ్చు, ఒక్క షరతు మీద: బాస్‌ను హైబర్నేట్ చేసి బాల స్వేచ్ఛను లేపకూడదు. హైబర్నేట్ చేస్తే బాస్ తన మెమరీని స్వాప్‌లోనే దాచి నిద్రపోతుంది. బాల స్వేచ్ఛ లేచి దాన్ని వాడేసుకుంటే బాస్‌లో సేవ్ చేయని పని గల్లంతే. పిల్లలున్న ఇంట్లో హైబర్నేట్‌ను పూర్తిగా ఆపేయడమే మేలు.